అడుగున మిగిలే ఊపిరి

"కిందికి పోయి ఇంత తినొస్త అక్కా. గంటల వస్త. ఒక్కదానివే ఉండాలె, గిదే నీకు పరీక్ష అనుకో" అని వినోద సిస్టర్ చేతి తొడుగులు విప్పి డబ్బాలో వేసింది. తలుపు దాకా పోయి మళ్లీ వెనక్కి తిరిగింది. "మోగితే ముందుగాల ఏం జూస్తవ్?"

"మనిషిని" అంది కావేరి.

"తర్వాత?"

"పైపును."

"ఆఖరుకు?"

"మిషిన్‌ను."

"గంతే. అందరు ఉల్టా జేస్తరు. మిషిన్ మొత్తుకోంగనే మిషిన్ ముంగట నిలబడి దండం బెడ్తరు, పండుకున్న మనిషి దిక్కు సూడనే సూడరు" అని నవ్వి, మంచం మీదికి వంగి, "నర్సవ్వా, నీ కోడలు కాపలున్నది, నేను పోయొస్త" అని గట్టిగా చెప్పి వెళ్లిపోయింది. చెప్పుల చప్పుడు మెట్ల మీద ఒక్కో మెట్టూ దిగి, కింద మందుల దుకాణం గోలలో కలిసిపోయింది. ఆ తర్వాత గదిలో ఊపిరి అందించే మిషిన్ ఒక్కటే మిగిలింది. హుష్ మని ఇచ్చి, ఒక్క క్షణం ఆగి, టిక్ మని వదిలి, మళ్లీ హుష్. కావేరి స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చుంది. అత్త కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

సాయంత్రం డాక్టరు వస్తాడు. వచ్చి అడగబోయేది ఒకే ఒక్క మాట, నువ్వు చూసుకోగలవా అని. చూసుకుంటానంటే రేపో ఎల్లుండో ఈ చిన్న మిషిన్‌తో సహా అత్తను ఇంటికి తీసుకుపోవచ్చు. నాతో కాదంటే హైదరాబాద్ పంపుతారు, అక్కడ అద్దంలోంచి చూసి రావాలి, అదీ వారానికో పూట. చచ్చుబడ్డ నరాలు మళ్లీ పట్టు చిక్కించుకుంటాయనీ కానీ చీమ నడకలో వస్తాయనీ డాక్టరు చెప్పాడు, ఎన్ని నెలలో ఎవరూ చెప్పలేరట. భర్త గణేష్ వల్ల కాదు. ట్రాక్టరు వెనక పసుపు పాలిష్ డ్రమ్ము కట్టుకుని ఊరూరూ తిరిగే మనిషి, బస్తాను ఒంటి చేత్తో ఎత్తే మనిషి, తల్లి గొంతులో పెట్టిన గొట్టాన్ని చూడగానే గోడ పట్టుకుంటాడు. నిన్న కూడా వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "పసుపు తవ్వుడు అయిపోయింది కావేరీ. కడాయి ఎప్పుడు పెట్టాలెనో అమ్మనడుగు" అన్నాడు. అమ్మ ఎట్లా చెప్తుందనుకున్నాడో. అత్త పెదవులు మాత్రం కదిలాయి. గొట్టం ఉన్న గొంతులోంచి శబ్దం రాదు, పెదవుల మీది మాటను పట్టుకోవాలి. కావేరి పట్టుకోగలిగింది ఒక్కటే, ఇంటికి. రోజూ అదే మాట. ఇంటికి అంటుంది సరే, ఎవరి చేతుల మీదుగా వస్తుందో తెలిసే అంటోందా?

కిటికీ కింద బజారు. ఎవరో బస్తాలు దించుతున్నారు, ఉడికిన పసుపు వాసన పచ్చిగా, మట్టి మట్టిగా, మెట్లెక్కి గదిలోకి వస్తోంది. ఎక్కడో పెరట్లో డ్రమ్ము తిరుగుతున్న గరగర. మాఘమాసంలో ఆర్మూర్‌లో ఈ వాసన లేని గది ఉండదు, దవాఖానాలోని మందునీళ్ల ఘాటు కూడా దాని ముందు ఓడిపోతుంది. అత్తకు ఈ వాసన అందుతోందా? గాలి ముక్కులోంచి పోవడం లేదు కదా, గొంతులోంచి తిన్నగా పోతోంది. వినోదను అడగాలనుకుని ప్రతిసారీ మరిచిపోతుంది. వాసన అందకపోతే ఆ మనిషికి ఏ కాలం నడుస్తోందో ఎట్లా తెలుస్తుంది? కళ్లు తెరిచినా మూసినా ఒకటే తెల్లగోడ. కావేరి లేచి కిటికీ రెక్క ఇంకొంచెం తెరిచింది, తెరిచాక దుమ్ము గుర్తొచ్చి మళ్లీ సగం మూసింది. మిషిన్ పక్కన చిన్న నల్ల జల్లెడ ఉంది, లోపలికి పోయే గాలి దాంట్లోంచే పోతుంది, దాన్ని మూయకూడదు. వాళ్లింట్లో మిక్సీకీ టీవీకీ పువ్వుల గుడ్డలతో ముసుగులు కుట్టింది తను. పసుపు దుమ్ముకు ముసుగులు లేకపోతే ఆ ఇంట్లో ఏ వస్తువూ బతకదు. ఈ మిషిన్‌కూ ఒకటి కుడతానంటే వినోద పడీ పడీ నవ్వింది. "ముసుగేస్తే దానికే దమ్మాగుతది అక్కా. గప్పుడు దానికింకో మిషిన్ కొనాలె" అంది.

నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు దాని మీద ఉన్న మాటలన్నీ చీమల్లా పారాయి. రేటు అంటే నిమిషానికి ఎన్నిసార్లు. ప్రెషర్ అంటే ఎంత గట్టిగా. ఆక్సిజన్ అంకె వేరు, అది పెంచొద్దు, తగ్గించొద్దు, చూడటమే. రెండు ముడతల గొట్టాలున్నాయి, ఒకటి ఇచ్చేది, ఒకటి తిరిగి తీసుకునేది, రెండూ గొంతు దగ్గర ఒక్కటవుతాయి. ఇచ్చే గొట్టం దారిలో నీళ్ల డబ్బా ఉంది, కింద సన్నటి వేడి, గాలి ఆ నీళ్ల మీదుగా తడిసి పోతుంది. ఎండు గాలి పోతే ఊపిరితిత్తులు ఎండిన మడిలా పగులుతాయి కాబట్టి. ఇంకొక అంకె ఉంది. దాని పేరు కావేరి నోటికి ఇప్పటికీ తిరగదు, వినోద చెప్పింది మాత్రం మరిచిపోదు. "ఊపిరి మొత్తం వదిలిపెడ్తే లోపటి సంచులు అంటుకపోతయ్ అక్కా. మళ్లీ తెరువాల్నంటే కష్టం. గందుకే వదిలిపెట్టేటప్పుడు అడుగుకు జరంత ఉంచుతది." కావేరికి వెంటనే పెరుగు గిన్నె గుర్తొచ్చింది. గిన్నె ఊడ్చి కడిగేస్తే రేపటికి పెరుగు లేదు, అడుగున ఇంత తోడు మిగల్చాలి. పెళ్లైన కొత్తలో ఒకరోజు గిన్నె తోమేసింది తను. అత్త పొరుగింటికి పోయి తోడు అడిగి తెచ్చి, పొయ్యి ముందు కూర్చుని, "అంత ఊడ్సుకపోతె ఇల్లెట్ల నిలుస్తదే? అడుగుకు ఉంచాలె. కూరైనా, మాటైనా" అంది. మాటైనా అన్న మనిషి ఏ మాటనైనా అడుగున ఉంచిందా ఏనాడైనా? అంతా పైకే. ఉన్నదున్నట్టు, వాడకట్టు వాడకట్టంతా వినేటట్టు.

మెండోర పిల్ల తను. ప్రాజెక్టు నీళ్లు ఇంటి వెనక దాకా వచ్చే ఊరు. నాయిన వల వేసే రోజుల్లో తను, చిన్నాయిన పిల్లలు నీళ్లలో మునిగి ఎవరు ఎంతసేపు ఉంటారో పందెం వేసుకునేవాళ్లు. నీళ్ల అడుగున కళ్లు తెరిస్తే ఆకుపచ్చగా, మెత్తగా, ఏ శబ్దమూ లేకుండా, గుండె ఒక్కటే చెవుల్లో కొట్టుకుంటూ. మొదట హాయి. తర్వాత ఛాతీలో ఎవరో మెల్లగా తలుపు తట్టినట్టు. ఇంకాసేపటికి బాదినట్టు. అప్పుడు కాళ్లు తన్ని పైకి లేస్తే, ఆ మొదటి గాలి... అత్త ఇప్పుడు ఆ నీళ్ల అడుగునే ఉందా? ఆకుపచ్చగా, మెత్తగా, ఎవరో తట్టే తలుపుకి అటువైపు. కాళ్లు తన్నలేదు. ముందు పాదాలు తిమ్మిరెక్కాయి, చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. తర్వాత చేతిలో చీపురు పుల్ల నిలవలేదు. తర్వాత ఒక పొద్దున, "దమ్ము చాలుతలేదు పిల్లా" అంది, కోడలిని పిల్లా అని అంత మెత్తగా పిలవడం అదే మొదలు, గొంతుతో అన్న ఆఖరు మాట కూడా అదే.

అంతకు ముందు ఎప్పుడూ నీళ్లదానా అనే పిలుపు. "నీళ్లల్ల పుట్టినదానివి, నిప్పు సంగతి నీకేం ఎర్క?" కాపురానికొచ్చిన ఏడు, మొదటి పసుపు కాలం, పొలంలో పెద్ద కడాయి, కొమ్ముల మీద తడి గోనెసంచులు కప్పి, కింద మోదుగు కట్టెలు. అత్త కడాయికి ఇవతల కూర్చుని ఒక చెవి అటు పెట్టి వినేది. పసుపు ఉడుకుతున్నప్పుడు ముందు మందంగా గుడగుడమంటుంది, ఉడికే కొద్దీ ఆ చప్పుడు పలచబడుతుంది, నురగ వాసన మారుతుంది. చాలామంది పుల్ల గుచ్చి చూస్తారు. అత్త ముందు విని, తర్వాతే గుచ్చేది, ఊరికే రుజువు కోసం. కుడి చేతి చూపుడువేలు ఒక్కటి పైకెత్తేది. ఆ వేలు లేస్తే చాలు, కూలీలు మాటలు ఆపి మంట గుంజేసేవాళ్లు. పక్క పొలాలవాళ్లు కూడా వచ్చి ఆమెను పిలుచుకుపోయేవాళ్లు. ఆవిరి బాయిలర్లు వచ్చాక కూడా పోయి పక్కన నిలబడేది, "దాని సీటీ దాంది, నా చెవి నాది" అని. ఆ మొదటి ఏడు కావేరి ఉత్సాహంగా, "ఉడికినయ్ అత్తా, చప్పుడు మారింది" అంది. అత్త సంచి ఎత్తి, పుల్ల గుచ్చి, సగంలో ఆగిన పుల్లను అందరికీ చూపించి, నీళ్లదానా అంది. కూలీలు నవ్వారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఉడికిందో లేదో కావేరిని అడిగిన నాథుడు లేడు, కావేరి చెప్పనూ లేదు. సంచులు తడిపింది, కట్టెలు మోసింది, కళ్లంలో కొమ్ములు ఆరబోసింది. అత్త కడాయి దగ్గర ఒక్క కునుకు తీయడం ఎవరూ చూడలేదు. రాత్రి దాకా సాగినా, పొగకు కళ్లు మండినా, ఒకరి చేతిలో కడాయి పెట్టి కన్ను మూసే రకం కాదు ఆ మనిషి. ఈ నోరు ఒక్క పూట మూతపడితే ఎంత బాగుండునని కళ్లంలో ఎన్నిసార్లు అనుకుందో కావేరి. ఇప్పుడు మూతపడింది. ఇంట్లో గిన్నె కిందపడితే తిట్టేవాళ్లు లేక, ఆ గిన్నె చప్పుడు చాలాసేపు అలాగే తిరుగుతూ ఉంటోంది.

హుష్. టిక్. మిషిన్ తెర మీద గీత కొండలా లేచి దిగుతోంది, ఊరి మీద నిలబడ్డ సిద్ధులగుట్ట రాళ్లలాగా ఒకదాని పక్కన ఒకటి. కొన్ని కొండల మొదట్లో చిన్న ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది, కొన్నింటికి వెలగదు. చుక్క ఉంటే ఆ ఊపిరి అత్త తానుగా అడిగింది. లేకపోతే మిషిన్ ఆగి ఆగి చూసి తనే ఇచ్చింది. "అడిగితే ఇస్తది. అడగకున్నా ఇస్తది. గానీ అడుగుతదేమోనని ముందుగాల జరసేపు సూస్తది" అని చెప్పింది వినోద. కావేరికి ఆ మాట విన్నప్పుడు ఎందుకో ఏడుపొచ్చింది. అడుగుతుందేమోనని ఆగి చూడటం. ఆ ఇంట్లో అత్త తన కోసం అట్లా ఆగిందా, తను అత్త కోసం ఆగిందా? చుక్క. చుక్క లేదు. చుక్క. చుక్క లేదు, లేదు. చుక్క.

అత్త చూస్తూనే ఉంది. ముఖం వైపు కాదు, కావేరి చేతుల వైపు. కొన్ని రోజుల కిందట ఈ గదిలో ఒక పొద్దున జరిగినదాని నుంచీ అంతే. కావేరి దగ్గరుంటే అత్త కన్ను మూయదు, వినోద గదిలోకి వచ్చాకే మూస్తుంది. వినోద కూడా గమనించింది, పైకి అనలేదు. ఆ పొద్దున ఇదే స్టూలు మీద కూర్చుని ఉంటే గొట్టంలో నీళ్లు చేరాయి. తడిగాలి చల్లబడితే గొట్టం ముడతల్లో నీళ్లవుతుంది, అది మామూలే, కిందికి వంచి గొట్టం నడుమ వేలాడే బుడ్డిలోకి దించాలి. కానీ కావేరి చేతులకు తెలిసిన గొట్టం వేరు. పొలంలో మోటరు ఆపాక పైపులో మిగిలిన నీళ్లు పోవాలంటే మోటరు వైపు కొసను భుజానికెత్తుకుని, ఎత్తుకుంటూ ఎత్తుకుంటూ మడి దాకా నడుస్తారు, నీళ్లు ముందుకు జారి చివర్న పడతాయి. అప్పుడు చుట్ట చుడతారు. మెండోరలోనూ అంతే, ఇక్కడా అంతే. చిన్నప్పటి నుంచీ ఆ పని చేసిన చేతులు తనను అడగకుండానే మిషిన్ వైపు గొట్టాన్ని పైకెత్తాయి. నీళ్లు జారాయి, చివర్న మడి లేదు, అత్త గొంతు ఉంది. మిషిన్ ఎర్రగా అరిచింది. అత్త ముఖం నల్లబడి, మెడ నరాలు తాళ్లలా లేచి, ఒళ్లు కదలలేక కళ్లు మాత్రం... వినోద పరుగెత్తుకొచ్చి గొట్టం తీసి, సన్నటి పైపుతో నీళ్లు లాగేసి, అంతా కాసేపట్లోనే సర్దేసింది. "పొలం పైపనుకున్నవా అక్కా!" అని కోప్పడి, తర్వాత తనే వీపు నిమిరింది. వినోదకు అర్థమైంది. అత్తకు? కావాలని చెయ్యలేదు అత్తా అని చెప్పాలనుకుంది కావేరి. నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె మనసులో ఆ అనుమానం లేకపోతే, తను చెప్పి పెట్టినట్టవుతుంది. ఉంటే, చెప్పినంత మాత్రాన పోదు. ఆ మాట అప్పటి నుంచీ అడుగునే ఉంది, తోడు పెట్టిన గిన్నెలా కదలకుండా.

చూసుకోగలవా అని అడిగితే ఏం చెప్పాలి? నేను చూసుకుంటాను కానీ ఆమె కన్ను మూయదు డాక్టర్ సాబ్, ఇంట్లో వినోద ఉండదు, నిద్రలేక ఎన్ని రోజులుంటుంది మనిషి అని చెప్పాలా? చెప్పడమే న్యాయమేమో. హైదరాబాద్‌లో అద్దం అటువైపు ఎవరో ఒకరి చేతుల్లో నిద్రన్నా పోతుంది. కిటికీ బయట డ్రమ్ము గరగర ఆగింది, మళ్లీ మొదలైంది. ఎండ మంచం కోడు దాకా పాకింది. కావేరి కళ్లు బరువెక్కుతున్నాయి, హుష్ టిక్, హుష్ టిక్, నీళ్ల అడుగున ఆకుపచ్చ, కడాయి మీద ఆవిరి, అత్త చెవి, గుడగుడ...

గుడగుడ.

కావేరి ఉలిక్కిపడి లేచింది. కల కాదు. గొట్టంలో. కడాయి దగ్గరైతే ఈ చప్పుడు మంచిదే, బాగా ఉడుకుతోందని అర్థం. ఇక్కడ కాదు. తెర మీద కొండల అంచులు వణుకుతున్నాయి, మిషిన్ ఇంకా అరవలేదు, అరవబోయే ముందు గొంతు సవరించుకున్నట్టుంది. తలుపు వైపు చూసింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు లేదు. చేయి అప్పటికే గొట్టం మీదికి వెళ్లింది. వెళ్లి, పైకి లేవబోయింది. ఆ లేవబోవడాన్ని కావేరి చూసింది, మంచం మీద నుంచి అత్త కూడా చూసింది. ఇద్దరి చూపులూ ఆ చేతి మీదే ఆగాయి.

ముందుగాల మనిషి. కావేరి తలెత్తి అత్త ముఖంలోకి చూసింది. ఎన్ని రోజులైందో అట్లా సూటిగా చూసి. నలుపు లేదు. పెదవులు ఎండి ఉన్నాయి కానీ రంగు ఉంది. ఛాతీ లేస్తోంది, కొంచెం కష్టంగా. భయం ఉంది కళ్లలో. భయమే, కోపం కాదు, కావేరి ఇన్ని రోజులూ కోపమనుకున్నది. కడాయి కాడ పొగలో కూర్చున్న మనిషి కాదు ఈమె, నీళ్ల అడుగున ఉన్న పిల్ల. తర్వాత పైపు. గొంతు దగ్గర కొసను ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో నడిమి భాగాన్ని మెల్లగా కిందికి, ఇంకా కిందికి వంచింది. ముడతల్లో నీళ్లు ఒక ముడత దాటి, ఒక ముడత దాటి, తనకు వినబడేటంత నెమ్మదిగా నడిచి బుడ్డిలోకి జారాయి. గుడగుడ మందంగా ఉన్నది పలచబడింది. సన్నబడింది. ఆగింది. బుడ్డి విప్పి నీళ్లు పారబోసి మళ్లీ బిగించింది. అప్పుడు అరిచింది మిషిన్.

ఎర్రగా, గది అదిరిపోయేటట్టు. కావేరి కాళ్లు తలుపు వైపు తిరిగాయి. "సిస్టరమ్మా!" అన్న కేక గొంతులోనే ఉండిపోయింది. మనిషి, పైపు, మిషిన్. అత్త ముఖం బాగానే ఉంది, కళ్లు పెద్దవయ్యాయి అంతే. గోడకు చేత్తో నొక్కి ఊపిరిచ్చే రబ్బరు సంచి వేలాడుతోంది, అవసరమైతే అదుంది. పైపు మీద చేయి పెట్టి పాకించుకుంటూ వచ్చింది, గొంతు, మలుపు, ముడతలు, బుడ్డి. బుడ్డి అంచున సన్నటి గాలి వేలికి చల్లగా తగిలింది. ఓరగా కూర్చుంది బుడ్డి. విప్పి, సరిగ్గా పెట్టి, తిప్పింది. టిక్ మంది. అరుపు ఆగింది. తెర మీద కొండ లేచింది, దాని పక్కన ఇంకొకటి, అంచులు వణకడం లేదు.

కావేరి బుడ్డి మీంచి చేయి తీసింది. అత్త వైపు చూసింది. కుడిచేతి వేళ్లు రెండు మాత్రం కొంచెం కదులుతాయి, ఆ చూపుడువేలు లేస్తుందేమోనని చూసింది. లేవలేదు. తిట్టుకైనా పెదవులు కదులుతాయేమోనని చూసింది. కదల్లేదు. అత్త కావేరి ముఖం వైపు చూసి, చేతుల వైపు చూసి, మళ్లీ ముఖం వైపు చూసి, కళ్లు మూసుకుంది.

కావేరి గబుక్కున తలగడ దగ్గరికి వచ్చింది. "అత్తా!" వంగి చూసింది. ఛాతీ లేస్తోంది, దిగుతోంది. తెర మీద కొండ మొదట్లో ఆకుపచ్చ చుక్క. మళ్లీ చుక్క. చుక్క లేదు. చుక్క. కనురెప్పలు బిగుసుకుని లేవు, వదులుగా వాలి ఉన్నాయి. నుదుటి మీద ముడత ఒక్కొక్కటే విడిపోతోంది, గోనెసంచి తీసేశాక ఆవిరి పోయినట్టు. పెదవులు కాస్త తెరుచుకుని, కింది దవడ జారింది. పడుకుంది. నర్సవ్వ, పట్టపగలు, కోడలి చేతిలో కడాయి పెట్టి, పడుకుంది.

కావేరి స్టూలు మీద కూర్చుంది. లేచి బుడ్డిని ఇంకోసారి తడిమి చూసింది. మళ్లీ కూర్చుంది. కిటికీ కింద బస్తాలు దించేవాళ్లు ఎవరినో వేళాకోళం చేస్తున్నారు, డ్రమ్ము తిరుగుతోంది, పసుపు వాసన ఎండతో పాటు మంచం మీదికి పాకుతోంది. ఇంట్లో వసారాలో మంచం వేయాలి, తూర్పు వైపు. అక్కడి నుంచి కడాయి చప్పుడు వినబడుతుంది. దుమ్ము వసారాలోకి రాకుండా కడాయిని బావి అవతల పెట్టించాలి. అయినా వినబడుతుంది ఆ చెవికి. తడి గుడ్డలు వేలాడదీయాలి. మిషిన్ పక్క జల్లెడ రోజూ చూడాలి. కరెంటు పోతే బ్యాటరీ ఉంది. ఆలోచనలు ఒకదాని వెనక ఒకటి నీళ్లలా వచ్చాయి, చివర్న ఎక్కడో మడి ఉన్నట్టు.

మెట్ల మీద చెప్పులు టపటపమన్నాయి. వినోద తలుపు తోసుకుని, కొంగుతో మూతి తుడుచుకుంటూ, "ఏమాయెనక్కా, మొత్తుకున్నదా మిషిన్? కిందికి ఇనబడ్డట్టే..." అని గట్టిగా మొదలుపెట్టింది.

కావేరి చూపుడువేలు ఒక్కటి పైకెత్తింది.

వినోద మాట మధ్యలోనే ఆగిపోయింది. మంచం వైపు చూసింది. మూసుకున్న కళ్లనూ, స్టూలు మీద కూర్చున్న కావేరినీ మార్చి మార్చి చూసి, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, చెవిలో అన్నట్టు అడిగింది. "డాక్టర్ సాబ్ ఇయ్యాల జల్ది వచ్చిండు, కింద బండి ఆపుతున్నడు. ఏం చెప్పమంటవ్ అక్కా?"

"జర ఆగమను" అంది కావేరి, తెర మీది చుక్క నుంచి చూపు తిప్పకుండా. "లేవనియ్. లేచినంక ఇంటికి తీస్కపోత."